ప్రార్థన చేద్దాం, కాపలా కూడా పెడదాం



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మన యవ్వనస్థులు ఆరుగురు నా దగ్గరికి వచ్చారు. నలుగురు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, ఇద్దరు ఇక్కడే హిల్ కాలనీలో ఉంటున్నవాళ్ళు. "అయ్యగారు, అక్టోబరుల హిమాచల్ పోతున్నం. తీర్థన్ అని ఒక నది ఉన్నది. అండ్ల ట్రౌట్ చేపలకు గాలం ఏస్తం. గైడు లేడు, మేమే పోయొస్తం. ప్రార్థన చేయుండ్రి" అన్నారు.

ప్రార్థన చేసే ముందు ఒక్క మాట అడిగాను. "మీరు దిగే చోటికి పైన ఎక్కడన్నా డ్యామ్ ఉన్నదా?"

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. 26 గేట్ల డ్యామ్ పక్కన పుట్టి, గేట్లు ఎత్తిన రోజున బడి ఎగ్గొట్టి చూడటానికి పరుగెత్తిన పిల్లలు వీళ్ళు. ఇంకో కొండల్లోకి, ఇంకో నదిలోకి పోతూ ఆ ప్రశ్న వాళ్ళకు తోచలేదు.

అదే సాయంత్రం ఆ ఆరుగురిలో ఒకరి తల్లి మా ఇంటికి వచ్చింది. భర్త లేని మనిషి. ఒక్కడే కొడుకు. "అయ్యగారు, మీరు ప్రార్థన చేసి పంపితే నాకు భయం లేదు" అంది. ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నా ప్రార్థన ఆమెకు లైఫ్ జాకెట్ లాగా కనబడుతోంది. అది అట్లా కనబడటానికి కారణం మా కాపరులమే అని నాకు అనిపించింది. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాను.

2014 జూన్ 8 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి ఆరు రోజులు. హైదరాబాదులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల పిల్లలు హిమాచల్ విహారానికి పోయారు. సాయంత్రం పూట మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున బస్సు ఆపి, రాళ్ళ మీదికి దిగి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ జలవిద్యుత్ కేంద్రం డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. చూస్తుండగానే 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వచ్చిన టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. వారాల తరబడి వెతికారు. కన్నవాళ్ళు ఆ ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన దృశ్యాలు మనం టీవీల్లో చూశాం.

మన పిల్లలు పోతామంటున్న తీర్థన్ నది వచ్చి బియాస్‌లో కలిసేది ఆ లార్జీ దగ్గరే. వాళ్ళు గాలం వేద్దామనుకుంటున్న గుషైనీ, బంజార్ వైపు నదికి పైన పెద్ద డ్యామ్ లేదు. ఆ మాట నేను వెతికి వాళ్ళకు చెప్పాను. కానీ ఢిల్లీ నుంచి మనాలి బస్సులో పోయి ఔట్ దగ్గర దిగగానే వాళ్ళకు ఎదురయ్యేది లార్జీ నీళ్ళే. దిగిన సంతోషంలో సెల్ఫీ కోసం ఏ రాయి మీదికి పోతారో ఎవరికి తెలుసు?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ 24 మంది పిల్లలది తప్పు అని నేను అనడం లేదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావారికంటే ఎక్కువ పాపులనుకోవద్దని ప్రభువే చెప్పాడు (లూకా 13వ అధ్యాయం). చనిపోయినవారి మీద తీర్పు చెప్పే పని మనది కాదు. బతికున్నవారికి మెలకువ చెప్పే పని మాత్రం మనది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చెయ్యవలసిన సిద్ధపాటు చెయ్యకుండా "దేవుడు చూసుకుంటాడు" అనడం విశ్వాసం కాదు. అది దేవుణ్ణి శోధించడం. ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నప్పుడు అపవాది కూడా వాక్యమే ఎత్తి చెప్పాడు, దూతలు చేతుల మీద ఎత్తుకుంటారన్న వాక్యమే. ప్రభువు దూకలేదు. దేవాలయానికి మెట్లు ఉన్నాయి.

నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయం 9వ వచనం ఒకసారి తీసి చదవండి. శత్రువులు గోడ మీదికి వస్తున్నారని తెలిసినప్పుడు యెరూషలేము వాళ్ళు రెండు పనులు చేశారు. దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్ళు కాపలా పెట్టారు. ఒకే వచనంలో రెండూ ఉన్నాయి. మనం మొదటి సగం కంఠస్థం చేశాం. రెండో సగం మీద నేను కూడా ఎక్కువగా ప్రసంగించలేదు.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ కిందట కాలువ దగ్గర బాప్తిస్మాలు పెట్టుకున్నాం. తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ పోయాం. ముందురోజు చూసినప్పుడు నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. ఆ రాత్రి నీళ్ళు పెంచారన్న సంగతి నాకు తెలియదు. లస్కరును ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు. మెట్టు మీద ఒక పిల్లవాడి కాలు జారింది. మన సంఘ పెద్ద ఒకరు చొక్కా పట్టుకుని లాగారు. తర్వాత ఆదివారం అందరం లేచి సాక్ష్యం చెప్పాం, దేవుడు కాపాడాడని. నిజమే, కాపాడాడు. కానీ కాపరిగా నేను లస్కరును అడగలేదన్న మాట ఆ రోజు సాక్ష్యంలో చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

ఇప్పుడు మన పిల్లల ప్రయాణం సంగతికి వస్తాను. "గైడు లేకుండా" అన్న మాట వాళ్ళు గొప్పగా చెప్పారు. డబ్బు మిగులుతుంది, స్వేచ్ఛగా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ గైడు చేసే పని ఏదీ గైడు లేనంత మాత్రాన మాయమైపోదు. ఆ పని ఆరుగురి మీద పడుతుంది. ఎవరి మీద ఏది పడిందో ముందే రాసుకోకపోతే అది ఎవరి మీదా పడదు. "నా తమ్మునికి నేను కావలివాడినా" అన్న కయీను ప్రశ్నకు అప్పుడు ఆరుగురూ తలలు దించుకోవలసి వస్తుంది.

మొదటిది, కాలం. వాళ్ళు అక్టోబరు ఎంచుకోవడం మంచిదే. వానాకాలంలో ఆ లోయలో కొండచరియలు విరుగుతాయి, నది బురదగా పొంగుతుంది. మే, జూన్ నెలల్లో మంచు కరిగి పొద్దున ఒక తీరుగా ఉన్న నీళ్ళు మధ్యాహ్నం దాటాక పెరుగుతాయి. పొద్దున సులువుగా దాటిన చోటు సాయంత్రం దాటలేరు. నవంబరు నుంచి చలికాలమంతా ట్రౌట్ గుడ్లు పెట్టే సమయం గనుక హిమాచల్ మత్స్యశాఖ వేట ఆపేస్తుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు చెప్పింది కూడా కాలం గురించే. ప్రయాణానికి అదను దాటిపోయింది, ఇప్పుడు బయలుదేరితే నష్టం తప్పదన్నాడు. శతాధిపతి ఓడ నాయకుడి మాటే నమ్మాడు. ఆ ఓడ ఏమైందో మీకు తెలుసు.

రెండోది, అనుమతి. అక్కడ గాలం వేయాలంటే మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. ఎన్ని పట్టవచ్చు, ఎంతకంటే చిన్నది వదిలిపెట్టాలి అన్న నియమాలు ఉన్నాయి. ఆ చేపలు ఆ నదిలో మొదటి నుంచీ ఉన్నవి కావు. 20వ శతాబ్దం మొదట్లో తెల్ల దొరలు గుడ్లు తెప్పించి పొదిగించి, కులూ ప్రాంతపు నదుల్లో వదిలారు. చల్లటి, స్వచ్ఛమైన, పారే నీళ్ళు లేకపోతే ట్రౌట్ బతకదు. మన సాగర్ నీళ్ళలో ఒక్క ఎండాకాలం కూడా తట్టుకోదు. ఒకడు ఫొటో కోసం చేపను ఒడ్డు మీద అయిదు నిమిషాలు పట్టుకుంటే, తర్వాత వదిలినా అది చచ్చేదే. చేతులు తడుపుకుని పట్టండి, నీళ్ళలో ఉంచే గాలం తియ్యండి, ములుకు లేని గాలం వాడండి. దేవుని సృష్టి మీద ఏలుబడి ఇచ్చాడంటే పాడుచేసే అధికారం ఇచ్చాడని కాదు.

మూడోది, సామాను. మన దగ్గర గాలం అంటే ఎర గుచ్చి, సీసపు గుండు కట్టి నీళ్ళలో వేసి బెండు వైపు చూస్తూ కూర్చోవడం. ఫ్లై ఫిషింగ్ వేరు. ఈకలు, దారంతో పురుగులాగా కట్టిన చిన్న గాలం. దానికి బరువే ఉండదు. దాన్ని దూరం తీసుకుపోయేది లావుగా ఉండే దారం బరువు. కర్రను వెనక్కి, ముందుకి ఆడించి ఆ దారాన్ని నీళ్ళ మీద మెత్తగా పరచాలి. వెనక మనిషి ఉన్నాడో లేడో చూడకుండా ఆడిస్తే ఆ గాలం కంట్లో గుచ్చుకుంటుంది. అందుకే కళ్ళద్దాలు, టోపీ అలంకారానికి కాదు. ఒక్కొక్కరికీ ఆ రెండూ ఉండాలి. మందుల పెట్టె ఒకటి, అందులో ఏముందో తెలిసిన మనిషి ఒకడు ఉండాలి. ఫోనులో సిగ్నల్ ఉండని చోట్లు ఉంటాయి. కాబట్టి ఈ పూట ఎక్కడ ఉంటాం, ఎన్ని గంటలకు తిరిగొస్తాం అన్నది బస చేసిన ఇంటివాళ్ళకు కాగితం మీద రాసి ఇవ్వాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళలో దిగడం. కృష్ణలో ఈత వచ్చినవాడికి కొండ వాగులో కూడా ఈత వచ్చు అనుకోవద్దు. అక్కడి నీళ్ళు మంచు నుంచి వచ్చినవి. ఒక్కసారి పడితే ఊపిరి ఆడదు, కాసేపటికే చేతులు మొద్దుబారతాయి. రాళ్ళు నాచుపట్టి జారతాయి. మోకాళ్ళు దాటిన నీళ్ళలోకి దిగవద్దు. చేతిలో ఊతకర్ర ఉండాలి. దాటేటప్పుడు వీపు మీది సంచి బొందెలు విప్పి వదులుగా పెట్టుకోవాలి, పడితే వదిలేయడానికి. నడుము దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుంటే పైన బెల్టు బిగించాలి, లేకపోతే లోపలికి నీళ్ళు చేరతాయి. కొట్టుకుపోతే లేచి నిలబడాలని చూడవద్దు, రాళ్ళ సందులో కాలు ఇరుక్కుంటుంది. వెల్లకిలా తిరిగి, కాళ్ళు ప్రవాహం వైపు పెట్టి, ఒడ్డు వైపు జరగాలి. నీళ్ళు ఉన్నట్టుండి మసకబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, శబ్దం మారినా గాలం సంగతి మరిచి పైకి ఎక్కాలి. పైన ఎక్కడో వాన పడిందన్నమాట.

ఈ మాటలన్నీ నేను పుస్తకాల్లో చదివినవే. అందుకే పిల్లలను పోయిన శనివారం వైజాగ్ కాలనీకి తీసుకుపోయాను. నేరేడుగొమ్ము మండలంలో సాగర్ వెనక జలాల ఒడ్డున ఉన్న ఆ ఊరు మీకు తెలిసిందే. హైదరాబాదు నుంచి చేపల కూర తినడానికి కార్లలో వస్తారు. ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం చాలామందికి పట్టదు. విశాఖ వైపు నుంచి వలస వచ్చిన మత్స్యకారులు ఈ నీళ్ళను నమ్ముకుని అక్కడ స్థిరపడ్డారు.

అక్కడ ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ మా పిల్లల కొత్త కర్రలు చూసి నవ్వాడు. పిల్లలు ఆయనకు ఫోనులో వీడియో చూపించారు. అంతా చూసి ఒకటే అడిగాడు. "మీలో ఒడ్డున కూకునేది ఎవలు?" ఎవరూ జవాబు చెప్పలేదు. అందరూ గాలం వేసేవాళ్ళే. "ఒకడు ఒడ్డున ఉండాల బాబూ. నీళ్ళలో ఉన్నోడు చేపనే చూస్తాడు, నీళ్ళని చూడడు" అన్నాడు. మాలో ఒకబ్బాయి, "తాతా, మేం ప్రార్థన చేసుకొని పోతం" అన్నాడు. ఆ పెద్దాయన ఎగతాళి చెయ్యలేదు. "మేమూ దణ్ణం పెట్టుకునే దిగుతాం. కానీ నీళ్ళకి నువ్వెవరో తెల్దు కదా బాబూ" అన్నాడు.

గలిలయ సముద్రం ఒడ్డున ఒక జాలరి వడ్లవాని మాట విని లోతుకు వల వేశాడు. వైజాగ్ కాలనీ ఒడ్డున ఒక పాస్టరు జాలరి మాట వినవలసి వచ్చింది. నాకు అందులో చిన్నతనం అనిపించలేదు. నీళ్ళ జ్ఞానాన్ని ఆయనకు ఇచ్చినవాడు కూడా మన దేవుడే.

ఆ పెద్దాయన చెప్పినదాన్నే నేను నియమంగా పెట్టాను. ఆరుగురిలో ఏ పూటైనా నలుగురే నీళ్ళలో ఉండాలి, ఇద్దరిద్దరు జతలుగా. మిగతా ఇద్దరు ఒడ్డున, ఒకరు ప్రవాహానికి పైన, ఒకరు కింద. పైనున్నవాడి చేతిలో ఈల, కిందున్నవాడి చేతిలో తాడు. ఈల వినబడితే చేప గాలానికి పడి ఉన్నా సరే ఒడ్డెక్కాలి. వంతులవారీగా మారాలి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడు. ఒంటరిగా పంపితే ఎక్కువ ఊళ్ళు తిరిగేవారని ఆయనకు తెలియదా? తెలిసీ ఇద్దరిద్దరుగా పంపాడు.

ఇంకొక నియమం. ఎవరో ఒక్కరు "వద్దు" అంటే ఆ పూట ఎవరూ దిగకూడదు. అయిదుగురు కలిసి ఆ ఒక్కణ్ణి పిరికివాడని నవ్వకూడదు. గుంపుగా పోయిన చోట మనిషిని ముంచేది చాలాసార్లు నీళ్ళకంటే ముందు సిగ్గే. తోటివాళ్ళ ముందు భయం ఒప్పుకోలేని సిగ్గు. భయపడుతున్నానని చెప్పగలిగేంత ప్రేమ ఆ ఆరుగురి మధ్య ఉండాలి. అది లేకపోతే ఆ గుంపుకు గైడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మన సంఘ పెద్దలలో ఒకరు నన్ను అడిగారు. "పాస్టరుగారు, చేపలు పట్టే షికారుకు ఇంత రాయాలా? అంత డబ్బు పెట్టి పోవడం అవసరమా? వద్దని ఒక్క మాట చెప్తే అయిపోవు గద." ఆయన ఆలోచన నాకు అర్థమైంది. కానీ నేను వద్దని చెప్పను. కష్టపడి సంపాదించుకున్న పిల్లలు ఏడాదికి ఒక్కసారి దేవుడు చేసిన కొండలను చూడాలనుకోవడం పాపం కాదు. ఏకాంత స్థలానికి వచ్చి కాస్త అలసట తీర్చుకోండని ప్రభువే శిష్యులతో అన్నాడు (మార్కు 6:31). నేను వద్దంటే వాళ్ళు పోకుండా ఉండరు. నాకు చెప్పకుండా పోతారు. అప్పుడు ఈ ప్రశ్నలు అడిగేవారు కూడా ఉండరు.

అందుకని పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఆరుగురూ కూర్చుని ఒక కాగితం రాయాలి. ఏ రోజు ఎక్కడ, ఎవరి బాధ్యత ఏది, నదికి పైన ఏముంది, దగ్గరలో ఆసుపత్రి ఎక్కడ, ఎవరికి ఈత రాదు, ఎవరు ఏ మందు వాడుతున్నారు, ఏ పరిస్థితి వస్తే తిరిగి వచ్చేయాలి. దాని నకలు ఆరుగురి ఇళ్ళలో ఉండాలి, ఒకటి నా దగ్గర ఉండాలి. ఆ కాగితం తెచ్చిన ఆదివారం సంఘమంతటి ముందు వాళ్ళను నిలబెట్టి ప్రార్థన చేస్తాను. కాగితం లేకుండా చెయ్యను.

ఇది కఠినంగా ఉందని కొందరు అనవచ్చు. ప్రార్థనకు షరతులేమిటని అడగవచ్చు. నా గదిలో మోకాళ్ళ మీద వాళ్ళ కోసం చేసే ప్రార్థనకు ఏ షరతూ లేదు, ఈపాటికే చేస్తున్నాను. కానీ సంఘం ముందు చేతులుంచి పంపే ప్రార్థన వేరు. దాన్ని ఒక తల్లి అనుమతి పత్రంగా చదువుకుంటోంది. నేను చూడని దాని మీద సంతకం పెట్టలేను.

పౌలు ఎక్కిన ఆ ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుని దూత ముందే చెప్పాడు. ఆ మాట విన్నాక కూడా వాళ్ళు లోతు కొలిచారు. మొదట 20 బారలు, తర్వాత 15 బారలు. కొలిచి, రాళ్ళకు కొట్టుకుంటామని వెనక నాలుగు లంగర్లు వేశారు. దేవుని వాగ్దానం చేతిలో ఉన్నవాళ్ళే లోతు కొలిచారంటే, మన పిల్లలు కొలవకుండా ఎట్లా దిగుతారు?

ఈ మాట హిమాచల్ పోయేవాళ్ళకు మాత్రమే కాదు. సెలవు రోజుల్లో డ్యామ్ కింద రాళ్ళ మీదికి దిగేవాళ్ళు, కాలువ మెట్ల మీద బట్టలు ఉతికే తల్లులు, అక్కడ ఈత నేర్చుకునే పిల్లలు మన మధ్యనే ఉన్నారు. మన దగ్గర కరెంటు తయారు చేసినప్పుడు కూడా కింద నీళ్ళు పెరుగుతాయి, వాన అక్కర్లేదు. దిగే ముందు ఒకరిని అడగండి. ఒడ్డున ఒకరిని కూర్చోబెట్టండి. అప్పుడు ప్రార్థన చేసుకుని దిగండి.

ఆ తల్లి రేపు మళ్ళీ వస్తానంది. కొడుకు రాసిన కాగితం ఆమెకు చదివి వినిపిస్తాను. ఆమె అడిగే ప్రశ్నలు నావాటికంటే మంచివి అయి ఉంటాయని నా నమ్మకం. మీరు కూడా ఈ ఆరుగురిని మీ కుటుంబ ప్రార్థనలలో పేరుపేరునా జ్ఞాపకం చేసుకోండి. వాళ్ళు ఎదురైతే ఊరికే "దేవుడు తోడుంటాడు" అని పంపించేయకండి. "ఒడ్డున కూర్చునేది ఎవరు?" అని కూడా అడగండి.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.